కొమ్మ కొట్టే చేతులు, నీడ పోయే బతుకులు

ఎండలు ముదరకముందే కర్నూలు, కడప పట్టణాల్లో ఏటా ఒకే ప్రకటన వెలువడుతుంది: చెట్ల కొమ్మల తొలగింపు కారణంగా ఫలానా ఫీడరు పరిధిలో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదు. ఈదురుగాలులకు కొమ్మలు తీగలపై పడి సరఫరా తెగకుండా చేసే పని ఇది. దీని అవసరాన్ని ఎవరూ కాదనరు. అయితే దీన్ని మనం సాంకేతిక వ్యవహారంగానో, మహా అయితే పర్యావరణ సమస్యగానో చూసి వదిలేశాం. నలభై డిగ్రీలు దాటే ఎండల సీమలో ఆ చెట్టు ఎక్కేదెవరు, కొట్టిన కొమ్మను మోసేదెవరు, నీడ పోతే కూడు పోయేదెవరికి అని అడిగితే ఇది కులం ప్రశ్న అవుతుంది.

ముందుగా నీడ సంగతి. మన పట్టణాల్లో రోడ్డు పక్క వేపచెట్టు కింద చెప్పులు కుట్టే మాదిగ, ఇస్త్రీ బండి పెట్టుకున్న రజకుడు, కుర్చీ, అద్దంతో క్షౌరం చేసే నాయీబ్రాహ్మణుడు కనిపిస్తారు. వారి అంగడికి ఆ చెట్టే పైకప్పు. విద్యుత్ చట్టం-2003లోని 68వ సెక్షన్, తీగకు అడ్డొచ్చే చెట్టును తొలగించాలని పంపిణీ సంస్థ దరఖాస్తు చేస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, ప్రభుత్వం నిర్దేశించిన అధికారి గానీ అందుకు ఆదేశించవచ్చంటుంది. తీగ వేయడానికి ముందే ఉన్న చెట్టయితే దానిపై హక్కు, ఆసక్తి ఉన్నవారికి పరిహారం ఇవ్వాలనీ అంటుంది. కానీ ఆచరణలో ఆ ఆసక్తి అంటే ఆస్తే. ఇంటి యజమాని గోడ లోపలి కొబ్బరిచెట్టుకు ఒక విలువ కడతారు. రోడ్డు మీది వేపకు యజమాని మునిసిపాలిటీ. ఇరవై ఏళ్లుగా దాని కింద బతుకుతున్నవాడు లెక్కలోకి రాడు.

ఇక్కడ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. వీధి విక్రేతల చట్టం-2014 వస్తువులు అమ్మేవారినే కాదు, వీధిలో సేవలందించే వారినీ విక్రేతలుగా గుర్తించింది. ధ్రువపత్రం ఉన్న విక్రేతను తరలించాలంటే ముప్పై రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి. మనిషిని కదిలించడానికి నెల గడువు కావాలి, ఆ మనిషి కూర్చునే నీడను తీసేయడానికి అరగంట చాలు. ఏప్రిల్ ఎండలో నీడ పోవడం తరలింపు కాదా?

నేను చూసిన వీధుల్లో గొడ్డలికి ఒక విచక్షణ కూడా ఉంది. కట్ట కట్టి, పసుపు కుంకుమ పెట్టిన రావిచెట్టు జోలికి ఎవరూ అంత తొందరగా పోరు. అవసరమైతే తీగే పక్కకు జరుగుతుంది. ఆ భక్తిని నేను తప్పుపట్టడం లేదు. తీగ జరగగలదని అది రుజువు చేస్తోందని మాత్రం గమనించాలి.

ఇక చెట్టెక్కే మనిషి. శాశ్వత ఉద్యోగి లైన్ క్లియర్ తీసుకుంటాడు. కొడవలి కట్టిన దోటితో పైకి పోయేది చాలాచోట్ల కాంట్రాక్టరు పంపిన రోజుకూలీ. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్ల తీగలుంటే ఒకటి ఆపి రెండోది మరిచిపోవచ్చు. ఏ ఇంటి జనరేటరు నుంచో కరెంటు వెనక్కి తీగలోకి రావచ్చు. అందుకే పనిచోట తీగలను ఎర్త్ చేయాలన్నది ప్రాథమిక నియమం. పచ్చికొమ్మలోని తడి కరెంటును మోస్తుందని ఆ కూలీకి తెలుసు. రబ్బరు చేతితొడుగులు, నడుముకు బెల్టు మాత్రం అతని దాకా రావు.

మురుగుకాల్వలో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. దళిత ఉద్యమాలు దశాబ్దాలు పోరాడి, అది కులం చేయిస్తున్న పని అని రుజువు చేసినందుకే ఆ తీర్పులొచ్చాయి. చెట్టు కొట్టడంలో మైల లేదు, సంప్రదాయం దాన్ని ఏ కులానికీ రాసివ్వలేదు. అయినా మేస్త్రీ ఫోను మోగేది అవే వాడల్లో. కొమ్మలు రోడ్డు మీద పడ్డాక ఎత్తేది పారిశుధ్య కార్మికులే, అంటే మళ్లీ ఎక్కువగా దళితులే. పేరు లేని కులవృత్తి ఇలాగే పుడుతుంది. టెండరు పత్రంలో కులం ఉండదు గనుక అడిగేవారుండరు.

నైపుణ్యం లేని కోతతో చెట్టుకూ చేటే. తీగవైపు మొత్తం నరికితే బరువు ఒకవైపు ఒరిగి, తర్వాతి గాలివానకు చెట్టే కూలుతుంది. మొండెంగా నరికిన వేప గుంపుగా చివుళ్లేస్తుంది. బలహీనమైన ఆ కొమ్మలు త్వరగా పెరిగి మళ్లీ తీగనే తాకుతాయి. అంటే మళ్లీ టెండరు, మళ్లీ కూలీ. తొడుగున్న ఏరియల్ బంచ్డ్ కేబుల్ వేస్తే ఇంత కోత అక్కర్లేదు. పంపిణీ వ్యవస్థ ఆధునికీకరణకు కేంద్రం 2021లో తెచ్చిన పథకంలో అలాంటి కేబుళ్లకు చోటుంది. ఆ కేబుల్ ముందుగా ఏ వీధికి వస్తుందన్నదే రాజకీయం. అమెరికాలో 1930లలో నల్లజాతి పేటలకు రుణాలు నిరాకరిస్తూ పటాలపై ఎర్రగీతలు గీశారు. ఆ పేటల్లో చాలావాటిలో నేటికీ చెట్లు తక్కువ, వేడి ఎక్కువ అని 2020లో 108 పట్టణ ప్రాంతాలపై జరిగిన అధ్యయనం చూపింది. మన ఎస్సీ కాలనీల సందుల్లో చెట్టుకు చోటే లేదు. వారికి దొరికే నీడ వారు పనిచేసే పెద్దరోడ్డు మీదిదే.

పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం మంది విక్రేతల ప్రతినిధులుండాలని 2014 చట్టం చెబుతోంది. కొమ్మలు కొట్టే వీధుల జాబితా, తేదీలు ముందుగా ఆ కమిటీ ముందుకు రావాలి. చెట్టెక్కే ప్రతి కూలీ పేరు, బీమా వివరం పని మొదలయ్యేలోపే నమోదు కావాలి. ప్రమాదం జరిగితే కాంట్రాక్టరును చూపించి పంపిణీ సంస్థ తప్పుకోవడానికి వీల్లేదు. అసలు యజమాని బాధ్యతను 1923 నాటి కార్మిక పరిహార చట్టంలోనే చేర్చారు. వచ్చే వేసవి పనుల టెండర్లు పిలిచేలోపే విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు ఆ పత్రాలను సమాచార హక్కు కింద అడిగి తీసుకోవాలి.