కడవెండికి, మాస్కోకు నడుమ

దేశములకు ఎల్లలు గలవు గాని భావములకు లేవు. కష్టజీవి బాధ ఎచ్చటనైనను ఒక్కటే యను తలంపుతో 1864లో లండన్ నగరమున మొదటి అంతర్జాతీయ కార్మిక సంఘము వెలసినది. 1889లో పారిస్‌లో రెండవదియు, 1919లో మాస్కోలో మూడవదియు ఏర్పడినవి. మూడవదానిని 1943లో రద్దుచేసిరి. 1947లో కొన్ని ఐరోపా కమ్యూనిస్టు పార్టీలు కూడి కమిన్‌ఫారమ్ అను సమాచార సంస్థను నెలకొల్పినవి. ఇదంతయు మనకు సంబంధింపని దూరదేశపు కథయని తోచవచ్చును. కాని జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతముల బ్రదుకును ఆ కథ తాకినది. ఎట్లు తాకినదో విచారింతము.

తెలంగాణ రైతు పోరాటము పరదేశపు గ్రంథములనుండి పుట్టినది కాదు. విసునూరు దేశ్‌ముఖ్ గడి నీడలో పుట్టినది. వెట్టి, నాగు, బేదఖలు అను మూడు మాటలకు అర్థము తెలిసిన వారికి వేరొక పాఠము అక్కరలేకపోయెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనీయక నిలిచినది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో ఊరేగింపుగా నడచిన జనముపై దొరగారి మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. పల్లెజనులు ఆంధ్రమహాసభను ‘సంఘం’ అని పిలిచిరి. ఆ చిన్నమాటలో పరాయితనము లేదు. కనుకనే అది గుడిసె గుడిసెకు పోగలిగెను.

ఐనను విదేశముల గాలి సోకలేదనుట సరికాదు. మాస్కోలో చదివి వచ్చిన అమీర్ హైదర్ ఖాన్ మద్రాసులో ఉద్యమమునకు త్రిప్పిన యువకులలో పుచ్చలపల్లి సుందరయ్య యొకరు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిరి. అన్యదేశపు కార్మికుని తల్లి మన యింటి తల్లివలె మాటలాడెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన ‘మాభూమి’ నాటకము ఈ నేల కథనే రంగస్థలమునకు ఎక్కించెను. భావము ఏ దేశమునుండి వచ్చినను మన నుడికారములో ఒదిగినప్పుడు అది మనదే యగును. ఇది మైత్రిలోని మేలు.

చిక్కు వేరొకచోట కలిగినది. 1948 సెప్టెంబరు పోలీసు చర్యకు కొలది మాసములు ముందుగనే ఆంధ్ర రాష్ట్ర కమ్యూనిస్టు నాయకులు తమ కేంద్రమునకు ఒక లేఖ పంపిరి. మన దేశపు విప్లవము చైనా విప్లవమును పోలియుండునని, మధ్యతరగతి రైతును మిత్రునిగా చూడవలెనని, ధనిక రైతును శత్రువుగా దూరము చేసికొనరాదని వారి వాదము. అప్పటికి చైనాలో మావో సేటుంగ్ ఇంకను జయము పొందలేదు. కేంద్రనాయకుడు రణదివే ఈ వాదమును త్రోసిపుచ్చి, 1949లో మావోనే విమర్శించెను. 1950 జనవరి 27న కమిన్‌ఫారమ్ పత్రిక సంపాదకీయము చైనా మార్గమును మెచ్చుకొనెను. దానితో రణదివే పదవి పోయి, చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి యయ్యెను. ఇంటిలో ఎంతకాలము వాదించినను తేలని వివాదము పరదేశపు పత్రికలోని ఒక వ్యాసముతో తేలిపోయినది!

ఈ తీర్పులు మారుచుండగా ఇచ్చట ప్రాణములు పోవుచుండెను. జనగామ మైదానములలో సైన్యము నిండగా దళములు మానుకోట దాటి గోదావరి అడవులలోనికి మళ్లినవి. ఆ దళములకు అన్నము పెట్టిరను అనుమానముతో ప్రభుత్వము కోయ గూడెములను ఖాళీ చేయించి, జనమును శిబిరములకు చేర్చినది. మొత్తము ఉద్యమములో దాదాపు నాలుగువేలమంది కమ్యూనిస్టులు, రైతువీరులు మరణించిరని సుందరయ్యగారు తమ గ్రంథములో వ్రాసిరి.

1951 ఫిబ్రవరిలో రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యముగా మాస్కో చేరి స్టాలిన్‌ను కలిసికొనిరి. చైనా సేనలకు మంచూరియాలో సోవియట్ దేశము వెన్నుదన్నుగా నుండెననియు, భారతదేశమునకు అట్టి మిత్రదేశపు సరిహద్దు లేదనియు, చైనాకంటె ఇచ్చట రైలుమార్గములు విస్తారమనియు ఆయన పలికెను. తన మాటలు ఆదేశములు కావు, సలహాలు మాత్రమేనని కూడ చెప్పెను. ఆ యేడు సిద్ధపరచిన విధాన ప్రకటన, రష్యా మార్గమును గాని చైనా మార్గమును గాని అనుకరింపరాదని తేల్చెను. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడెను.

పాఠకులు ఒక్క క్షణమాగి యోచింపుడు. రైలుమార్గమున్నదని తెలియుటకు మాస్కో పోవలయునా? జనగామ సికింద్రాబాదు దారిలోను, మానుకోట విజయవాడ దారిలోను ఉన్న రైలు స్టేషన్లే గదా! సైన్యము ఎంత త్వరగా వచ్చి దిగగలదో ఆ పట్టాల ప్రక్కనున్న రైతునకు తెలియదా? పోలీసు చర్య తరువాత సాయుధపోరును ఆపవలెనని రావి నారాయణరెడ్డి వంటి వారు ఇచ్చటనే వాదించిరి. దక్కిన భూములను కాపాడుకొనుటకు కొనసాగింపక తప్పదని ఇతరులు వాదించిరి. ఇరువురి మాటలోను బలమున్నది. ఆ వాదము ఈ నేలపైననే, ఈ జనుల యెదుటనే తేలవలసియుండెను. దూరపు కొండలు నునుపు. అనుకరణ వలదను మాటకు సైతము దూరమునుండి వచ్చినప్పుడే విలువ కలిగెను.

అనంతర చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1952 ఎన్నికలలో రావి నారాయణరెడ్డికి నల్లగొండ అపారమైన ఆధిక్యము నిచ్చినది. జనము సంఘమును మరువలేదు. కాని రష్యా, చైనాల నడుమ వివాదము ముదిరి, 1962లో సరిహద్దు యుద్ధము వచ్చి, ఇంటిలోని భేదములకు అవి తోడై 1964లో పార్టీ రెండుగా చీలినది. మాస్కోకు కలిసి పోయిన ఇద్దరు తెలుగువారిలో రాజేశ్వరరావు ఒకవైపును, బసవపున్నయ్య వేరొకవైపును నిలిచిరి. 1991లో సోవియట్ యూనియనే అంతరించినది.

ఇందువలన దేశాంతర మైత్రి వ్యర్థమని నేననను. పొరుగుదీపము చూచి మన దీపము వెలిగించుకొనుట వివేకమే. కాని ఆ దీపము మన దారిలోని గుంటలను చూపలేదు. వానిని ఎరిగినవాడు ఆ దారిన నడచువాడు. 2016లో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును జిల్లా కేంద్రములైనవి. ఆ జిల్లాల విద్యార్థులు స్టాలిన్, మావోల పేర్లు పరీక్షకొరకు నేర్చుచుందురు. కొమరయ్య పేరును, గోదావరి అడవులలో పేరులేక పోయిన కోయల కథను వానితోపాటు నేర్చినచో, ఏ సిద్ధాంతము ఎవరి భుజములపై నడచినదో వారికి తెలియగలదు.