వాల్వ్ పీకేస్తే ఇంజన్ చల్లబడదు

“వాల్వ్ పీకేయించన్నా, మన ఎండలకు అది అక్కర్లేదు. అది చలి దేశాలోళ్లకు.” ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చుట్టుపక్కల పాత కారు ఉన్నవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. మారుతి 800, ఓమ్నీ, ఇండికా, సుమో, బండి ఏదైనా సరే, ఎండలు ముదిరి మీటరు ముల్లు ఎరుపు వైపు జరిగిందంటే మొదటి వైద్యం ఇదే. థర్మోస్టాట్ అనే ఆ వాల్వ్ తీసి పక్కన పడేస్తారు, గాస్కెట్ పెట్టి మూత బిగిస్తారు, బండి పంపేస్తారు. కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది. ఆ తర్వాత ఎగువ అహోబిలం ఎక్కుతుండగానో, నంద్యాల–గిద్దలూరు ఘాట్‌లో లారీ వెనక నెమ్మదిగా పోతుండగానో నీళ్లు పొంగుతాయి. హెడ్డు వంగుతుంది, గాస్కెట్ పోతుంది, పాత బండి విలువకు మించిన ఖర్చు మీద పడుతుంది. అప్పుడు వాల్వ్ సంగతి ఎవరూ ఎత్తరు. “పాత బండి గదా” అని సరిపెట్టుకుంటారు. ఈ ఒక్క అపోహ వల్ల మన ప్రాంతంలో పాడవుతున్న ఇంజన్లను చూస్తే బాధేస్తుంది.

థర్మోస్టాట్ లోపల మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది. నీళ్లు 82 డిగ్రీలకో 88 డిగ్రీలకో చేరగానే, అంటే బండిని బట్టి, మైనం కరిగి ఉబ్బి, రేడియేటర్ దారిలోని వాల్వ్‌ను నెడుతుంది. సుమారు 95 నుంచి 100 డిగ్రీలకు అది పూర్తిగా తెరుచుకుంటుంది. కాబట్టి ముల్లు ఎరుపులోకి పోయిన బండిలో, బాగున్న వాల్వ్ అప్పటికే బార్లా తెరిచి ఉంటుంది. దాన్ని పీకేస్తే ఒరిగేది నామమాత్రం. ఒకవేళ అది తెరుచుకోకుండా బిగుసుకుపోయి ఉంటే కొత్తది వేయాలి. చిన్న కార్లకు అది వందల రూపాయల్లో దొరికే వస్తువు. అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు: దారం కట్టి గిన్నెలో వేలాడదీసి నీళ్లు మరిగించండి. నీళ్లు తెర్లేలోగా తెరుచుకోకపోతే అది పనికిరాదు.

మరి మన ఎండ మాటేమిటి? ఎండకూ ఇంజన్ వేడికీ సంబంధం ఉంది, కానీ అది వాల్వ్ దగ్గర లేదు, రేడియేటర్ దగ్గర ఉంది. నీళ్లకూ బయటి గాలికీ మధ్య ఎంత తేడా ఉంటే రేడియేటర్ అంత వేడిని వదిలించుకుంటుంది. నీళ్లు 90 డిగ్రీలు, గాలి 30 డిగ్రీలు అయితే తేడా 60. మే నెలలో నంద్యాలలో గాలి 44కు చేరితే తేడా 46. అంటే రేడియేటర్ సత్తా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. సగం పూడుకుపోయిన రేడియేటర్ డిసెంబరులో నెట్టుకొస్తుంది, మేలో చేతులెత్తేస్తుంది. జబ్బు ముందునుంచీ ఉంది, ఎండ దాన్ని బయటపెట్టింది. వాల్వ్ పీకినందువల్ల ఆ పూడిక ఒక్క పిసరు కూడా తగ్గదు. చదునైన కర్నూలు–కడప హైవే మీద ఒక మోస్తరు వేగంలో ఎదురుగాలి బాగా తగులుతుంది గనక ముల్లు కిందికి దిగుతుంది, యజమాని నమ్మేస్తాడు. ఘాట్‌లో గాలి తక్కువ, ఇంజన్ మీద బరువు ఎక్కువ. అక్కడ అసలు సంగతి తెలుస్తుంది.

కొన్ని ఇంజన్లలో పీకడం వల్ల వేడి ఇంకా పెరుగుతుంది. వాటిలో వాల్వ్ తెరుచుకునేటప్పుడు బైపాస్ దారిని మూసేస్తుంది. వాల్వ్ లేకపోతే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. ఇంజన్ వేడెక్కుతున్నా సరే థర్మోస్టాట్ తీయవద్దని టయోటా మరమ్మతు పుస్తకాలు స్పష్టంగా చెప్పడానికి కారణం ఇదే. చలికాలం ఉదయాల్లో నష్టం ఇంకో రకం. ఇంజన్ ఎంతకీ వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది, పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి.

వాల్వ్ ఉండాలనే వాళ్లు చెప్పే కారణం ఒకటి కూడా తప్పే. అది లేకపోతే నీళ్లు వేగంగా పోయి చల్లబడటానికి సమయం చాలదంటారు. తిరిగేవి అవే నీళ్లు. వేగంగా పోయినవి అంతే వేగంగా మళ్లీ రేడియేటర్‌లోకి వస్తాయి.

ఇక ఆ పూడిక ఎక్కడినుంచి వస్తోంది? మన బోరు నీళ్లనుంచి. మన నంద్యాల జిల్లాలో సున్నపురాయి ఎంతుందో చెప్పనక్కర్లేదు. కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలు నీళ్లు ఆ రాతిని కరిగించుకుంటూ పోతే ఏర్పడినవే. అలా కరిగిన సున్నమే బోరు నీళ్లతో బండిలోకి వస్తుంది. నీళ్లు వేడెక్కగానే పేరుకుంటుంది, హెడ్డు లోపలి దారుల్లోనూ రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ తెల్లగా గట్టిపడుతుంది. బోరు నీళ్లకు బదులు పోయాల్సిన కూలెంట్ మంచు కురిసే దేశాలకే అన్నది రెండో పెద్ద అబద్ధం. అది తుప్పును ఆపుతుంది, నీళ్లు మరిగే వేడిని కూడా కొంత పెంచుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి. కూలెంట్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందనివ్వకండి.

వేడి ఎప్పుడు ఎక్కుతోందో గమనిస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. బండి నిలబడినప్పుడో, ఆళ్లగడ్డ బజార్లో మెల్లగా పోతున్నప్పుడో ఎక్కి, వేగం అందుకోగానే దిగితే ఫ్యాన్‌ను చూడండి: మోటారు, రిలే, స్విచ్, బెల్టు ఫ్యాన్ అయితే బెల్టు. హైవే మీద వేగంతో పాటు ఎక్కితే పూడిన రేడియేటర్, అరిగిన వాటర్ పంపు, లోపలికి కుంగిపోయే కింది హోస్ పైపు. శనగ నూర్పిళ్ల రోజుల్లో రోడ్డు మీది పొట్టు రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుంటుంది. ఇంజన్ వైపునుంచి నీళ్లతో మెల్లగా కడిగితే పోతుంది. ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా గట్టిపడినా, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ మూత కింద పాల టీ రంగు జిగురు కనిపించినా హెడ్ గాస్కెట్ పోయిందేమో ముందు చూపించండి. అది పోయి ఉంటే ఇంకేం మార్చినా డబ్బు దండగ.

రేడియేటర్ మూత ఎలాంటిదైనా ఒకటేనన్నది కూడా తప్పు. 0.9 బార్ ఒత్తిడి పట్టే మంచి మూత ఉంటే మామూలు నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు, రబ్బరు ఎండిన మూతతో 100 దగ్గరే పొంగుతాయి. ముల్లు దిగితే గండం గడిచినట్టేనన్నది ఇంకా ప్రమాదకరం. నీళ్లు అడుగంటితే సెన్సార్ ఖాళీలో పడి ముల్లు దానంతటదే దిగుతుంది. పొగలు కక్కే ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించడం అల్యూమినియం హెడ్డును చేజేతులా పగలగొట్టుకోవడమే.

హీటర్ పూర్తిగా తిప్పితే ఇంజన్ చల్లబడుతుందన్న మాట మాత్రం, ఒప్పుకోక తప్పదు, నిజమే. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటర్. బండిలో హీటర్ ఉంటే, నీళ్లు ఇంకా పొంగకపోతే, ఏసీ ఆపి, అద్దాలు దించి, దాన్ని నిండా తిప్పుకుని నీడ దొరికేదాకా పోవచ్చు. అంతవరకే.

మీ పాత కారులో వాల్వ్ ఉందో లేదో ఈ వారమే మెకానిక్ చేత విప్పించి చూడండి. లేకపోతే ముందు రేడియేటర్ శుభ్రం చేయించి, కొత్త థర్మోస్టాట్, కొత్త మూత వేయించండి. దారిలో పొంగితే ఇంజన్ ఆపండి, కనీసం అరగంట ఆగండి, పై హోస్ చేతికి చల్లగా తగిలేదాకా మూత ముట్టుకోకండి. వేడి మీద మూత తిప్పి ముఖం, చేతులు కాల్చుకోవద్దు.