ట్రౌటు చేప – నీటి స్వచ్ఛత

కాశ్మీరపు కొండలలో మంచు కరగి ప్రవహించు సెలయేళ్ళయందు ట్రౌటు అను చేపలు కలవు. ఇవి ఆ సీమకు సహజమైనవి కావు. 1899వ సంవత్సరమున బ్రిటనునుండి పంపిన వీని గ్రుడ్లు త్రోవలోనే నశించినవి. మరుసటి యేడు స్కాట్లండునుండి పంపిన గ్రుడ్లు క్షేమముగా చేరినవి. తరువాత శ్రీనగరమునకు సమీపమునందలి హార్వానులో ట్రౌటు హేచరీ వెలసినది. గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచు శాలకు హేచరీ యని పేరు. అందలి పనివారి చూపు చేపలమీదకంటె నీటిమీదనే హెచ్చుగా నుండును. దీనికి కారణమేమి?

చేపకును మనవలెనే ప్రాణవాయువు కావలెను. నీటిలో కరగియున్న ప్రాణవాయువును అది మొప్పలద్వారా గ్రహించును. 10 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీలవద్ద ఏడున్నర మిల్లీగ్రాములే ఇముడును. మన చెరువులలోని బొచ్చె, శీలావతి చేపలు అట్టి వెచ్చని నీటిలో సుఖముగా పెరుగును, ట్రౌటు బ్రతుకజాలదు.

హేచరీలో గ్రుడ్లను తట్టలలో పరచి, వానిమీదుగా చల్లని నీటిని ఎడతెగక పారింతురు. నీటిలో బురద యున్నచో అది గ్రుడ్లపై పేరుకొని వానికి ఊపిరాడనీయదు. చచ్చిన గ్రుడ్డు తెల్లబడును. దానిపై దూదివంటి బూజు మొలచి, ప్రక్కనున్న మంచి గ్రుడ్లను గూడ అల్లుకొనును. అట్లని దానిని వెంటనే తీసివేయుటకు వీలులేదు. తొలిదశలో కొంచెము కదలించినను మిగిలిన గ్రుడ్లు చచ్చును. అందుచే లోపలి పిల్లల కన్నులు నల్లని చుక్కలవలె కనబడువరకు ఓపికపట్టి, ఆ పిమ్మట చెడిన గ్రుడ్లను ఏరివేయుదురు.

పిల్లలు పెరుగు తొట్లలో మరియొక అపాయము కలదు. చేపలు విసర్జించు మలినములవలనను, తినక విడిచిన మేత క్రుళ్ళుటవలనను నీటిలో అమ్మోనియా చేరును. అది మొప్పలను దెబ్బతీయును. నీటిలో రోగక్రిములు ఎప్పుడును ఉండనే యుండును. బలముగల చేపను అవి అంతగా బాధింపవు, నీరసించిన చేపను లోబరచుకొనును. చేపలు మేత ముట్టకున్నను, నీరు వచ్చు ద్వారమువద్ద గుమిగూడి రొప్పుచున్నను, పనివాడు మొదట మందును వెదకడు. నీటి ధార తగ్గినదేమో చూచును, మేత ఆపును, అడుగున చేరిన మలినమును తీసివేయును. ఒక్కొక్కప్పుడు రాలిన ఆకులు జల్లెడకు అడ్డుపడి నీరు నిలిచిపోవును. అది రాత్రివేళ ఎవరును గమనింపకున్నచో, తెల్లవారునప్పటికి తొట్టెలోని చేపలన్నియు చచ్చి తేలును. అందుచే అర్ధరాత్రమున గూడ దీపము చేతబట్టి జల్లెడలను చూచి రావలసియుండును.

రోగము వచ్చిన పిదప మందు వెదకుటకంటె, అది రాకుండ నీటిని కాపాడుట మేలు. ఈ నియమము చేపలకేగాక, ఆ నీటినే త్రాగు మనుష్యులకును వర్తించును.