పేరు ‘ఓజీ’.. మూలం హిందూకుష్!
ఘాటు గంజాయి రకాల పుట్టుక, తీరుతెన్నులు

కోఠి: నాంపల్లి క్రిమినల్ కోర్టులకు చేరే కేసు పత్రాల్లో దానికి ఒక్కటే పేరు.. గంజాయి. ధూల్‌పేట గల్లీల్లో, యువకుల సెల్‌ఫోన్ సందేశాల్లో మాత్రం శీలావతి, కుష్, స్కంక్, ఓజీ అంటూ పేర్లకు కొదవలేదు. పేరు కొత్తదైతే సరుకు మేలైనదని, వాసన ఎంత ఘాటుగా ఉంటే అంత ‘అసలైనది’ అని నమ్మేవారు ఎందరో. ఈ నమ్మకమే అమ్మకందారుకు పెట్టుబడి. ఇంతకీ ఆ ఘాటు ఎక్కడిది?

స్కంక్ అన్నది ఉత్తర అమెరికాకు చెందిన నలుపు తెలుపు చారల చిన్న జంతువు. బెదిరితే తోక ఎత్తి భరించరాని దుర్వాసన గల ద్రవాన్ని చిమ్ముతుంది. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో సాగుదారులు సంకరపరచిన ఒక గంజాయి రకానికి ఆ వాసన కారణంగానే ‘స్కంక్ నంబర్ వన్’ అని పేరు పెట్టారు. మెక్సికో, కొలంబియా దేశాల్లో పెరిగే పొడవాటి, సన్నని ఆకుల మొక్కలు ఒకవైపు. అఫ్గానిస్థాన్ కొండల్లో పెరిగే పొట్టి, వెడల్పాటి ఆకుల మొక్క మరొకవైపు. ఈ మూడింటి కలయికే స్కంక్. మొదటివి ఆలస్యంగా పూస్తాయి, అఫ్గాన్ మొక్క త్వరగా కోతకొస్తుంది, జిగురు ఎక్కువ. కొన్ని తరాలపాటు ఏరి పెంచి గుణాలు నిలకడగా ఉండేలా చేశాక, 1980వ దశకం ఆరంభంలో ఆ విత్తనాలు నెదర్లాండ్స్‌కు చేరాయి. అక్కడి నుంచి ఇది ఒక రకంగా కాక ఒక కుటుంబంగా విస్తరించింది. బ్రిటన్‌లో ‘చీజ్’ అనే పేరుతో తిరిగే రకం కూడా దీని సంతతే.

‘ఓజీ కుష్’ది వేరే శాఖ. 1990వ దశకంలో అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. దాని తల్లిదండ్రులెవరన్న దానిపై పెంచినవారిలోనే ఏకాభిప్రాయం లేదు. ‘కుష్’ అన్న మాట మాత్రం హిందూకుష్ పర్వతాల నుంచి వచ్చినదే. మన ఖండపు పేరు అమెరికా చుట్టి, విదేశీ ముద్రతో తిరిగి హైదరాబాద్‌కు వచ్చిందన్నమాట. ఆ మాటకొస్తే ఏరివేత విద్య కూడా వారి సొత్తు కాదు. బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో మగ మొక్కలను గుర్తించి పీకివేయడానికి ప్రత్యేక నిపుణులుండేవారని 1893-94లో పనిచేసిన గంజాయి విచారణ సంఘం నమోదు చేసింది. ఆడ పూలు ఫలదీకరణ చెందకపోతే జిగురు పెరుగుతుందని వారికి అప్పుడే తెలుసు.

వాసన వేరు.. మత్తు వేరు
గంజాయి వాసనకు టెర్పీన్లు అనే సుగంధ పదార్థాలే కారణమని చాలాకాలం భావించారు. నిమ్మతొక్కలో, మిరియాల్లో ఉండేవీ ఇవే కోవకు చెందినవి. అయితే స్కంక్ తరహా దుర్గంధానికి అసలు కారణం గంధకంతో కూడిన సమ్మేళనాలని 2021లో కాలిఫోర్నియా పరిశోధకులు ప్రకటించారు. వెల్లుల్లి ఘాటుకు కారణమైన పదార్థాలకు ఇవి దగ్గరి బంధువులు. పూత ముగిసే దశలో పెరిగి, ఆరబెట్టేటప్పుడు పతాకస్థాయికి చేరి, నిల్వలో తగ్గిపోతాయి.

మత్తు కలిగించేది ఇవి కావు. అది టీహెచ్‌సీ పని. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మెషూలం, గావోనీ దానిని వేరుచేసి చూపారు. టీహెచ్‌సీకి వాసన లేదు. కనుక ముక్కుతో ‘నాణ్యత’ తేల్చడం వట్టి భ్రమ. ప్రమాదం మాత్రం భ్రమ కాదు. సంకర రకాలను ఏరి పెంచినవారి దృష్టి టీహెచ్‌సీని పెంచడంపైనే నిలిచింది. దక్షిణ లండన్‌లో జరిపిన అధ్యయనం 2015లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వెలువడింది. గంజాయి ఎన్నడూ ముట్టనివారితో పోలిస్తే, స్కంక్ తరహా ఘాటు రకాలను రోజూ వాడేవారికి తీవ్ర మానసిక వ్యాధి సోకే అవకాశం ఐదు రెట్లు ఎక్కువని అందులో తేలింది. కోఠిలో పాత పుస్తకాలు బేరమాడే వయసు పిల్లల తల్లిదండ్రులు పేర్లకన్నా ముందు తెలుసుకోవలసింది ఈ సంగతి.

మన్యం నుంచి, బ్యాంకాక్ నుంచి
మన నగరానికి సరుకు ప్రధానంగా ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యం నుంచే వస్తున్నది. అక్కడ మేలురకంగా చలామణి అయ్యే పేరే ‘శీలావతి’. దాని విత్తనం కేరళలోని ఇడుక్కి కొండల నుంచి వచ్చిందని ఏజెన్సీలో చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని దహనం చేశారు. తెలంగాణ ఆబ్కారీ శాఖ 2024లో ‘ఆపరేషన్ ధూల్‌పేట’ చేపట్టింది. నాటుసారా మానిన కుటుంబాల్లో కొన్ని గంజాయి అమ్మకంలోకి దిగడం ఆ పేటకు పట్టిన రెండో పీడ.

ఇక ‘ఓజీ’ పేరుతో తిరిగేది మట్టి లేకుండా, గదుల్లో దీపాల వెలుగులో పెంచినది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తొలగించాక బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల సంచుల్లో ఇది శంషాబాద్ విమానాశ్రయంలో పలుమార్లు పట్టుబడింది. 2025లో ఆ దేశం వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని మళ్లీ కట్టడి విధించింది.

చట్టం లెక్క వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొనలు. విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. కిలో లోపు ‘స్వల్ప పరిమాణం’, ఏడాది వరకు జైలు. 20 కిలోలు మించితే ‘వాణిజ్య పరిమాణం’, 10 నుంచి 20 ఏళ్లు, బెయిలూ దుర్లభం. నడుమ చిక్కితే పదేళ్ల వరకు. ఈ తూకంలో మత్తు బలానికి తావు లేదు. మన్యం నుంచి మూటల్లో వచ్చే ఎండు గంజాయికీ, గ్రాముల లెక్కన వేలకు అమ్ముడయ్యే బ్యాంకాక్ సరుకుకూ అదే 20 కిలోల గీత. ఖరీదైన సరుకు తెచ్చే వ్యాపారికి ఇది కలిసివచ్చే లోపమని చెప్పక తప్పదు. మూట మోసిన గిరిజన కూలీ ఆ గీత సులువుగా దాటేస్తాడు, విమానంలో వచ్చినవాడు చాలాసార్లు దానికి దిగువనే ఉండిపోతాడు.

రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు నమూనా చేరినప్పుడు సూక్ష్మదర్శిని కింద ఆకు నూగును, రసాయన పరీక్షలో రంగును చూస్తారు. కోర్టుకు కావలసింది అది గంజాయా, కాదా అన్న సమాధానమే.