కృత్రిమపాదము – నిత్యసంరక్షణ

మన ఆలూరు ప్రాంతపు నల్లరేగడి చేలలో నడక లేనిదే బ్రతుకు లేదు. రోడ్డు ప్రమాదము వలననో, మధుమేహమున పుండు ముదిరియో మోకాలి దిగువ కాలు కోల్పోయిన వానికి "కాలు పెట్టించుకొనిన సరి" అని మనము ధైర్యము చెప్పుచుందుము. అది సగము మాట మాత్రమే. కాలు తయారుచేయుట నిపుణుని పని. దానిపై నిలద్రొక్కుకొనుట రోగియొక్క, కుటుంబముయొక్క నిత్యసాధన.

పూర్వము విదేశీ నమూనా పాదములకు బూటు తప్పనిసరి. వానితో గొంతుక్కూర్చొనుట దుస్సాధ్యము. 1968 ప్రాంతమున జైపూరులో శిల్పి రామచంద్రశర్మ, వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ కలిసి రబ్బరు పాదమును రూపొందించిరి. దానితో వట్టికాళ్లతో పొలమున నడువవచ్చును, నేలపై బాసిపట్టు వేసికొని భుజింపవచ్చును. 1981లో సేఠీకి మెగసెసే పురస్కారము లభించినది. అదే సంవత్సరము ప్రమాదమున కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూరు పాదముతో తిరిగి నాట్యమాడి, తన కథయే ఇతివృత్తమైన తెలుగు చిత్రము ‘మయూరి’లో తానే నటించినది.

అయితే ఈ సాధన శస్త్రచికిత్స జరిగిన నాటినుండియే ఆరంభము కావలెను. నొప్పి తగ్గునని మోకాలి క్రింద దిండు పెట్టుట మన ఇండ్లలో పరిపాటి. దానివలన మోకాలు వంగి బిగిసిపోవును. పిదప ఎంత మంచి కాలైనను అమరదు. మోకాలిని చాచియే ఉంచవలెను. వాపు తగ్గుటకు వైద్యులు చూపిన విధముగా, కొన వద్ద బిగువుగను పైకి పోవుకొలది వదులుగను కట్టు కట్టవలెను.

కాలు అమర్చిన పిదప మొదట కొద్దిసేపే ధరించి క్రమముగా వ్యవధి పెంచవలెను. రాత్రి మొండిభాగమును సబ్బుతో కడిగి, తడి లేకుండ తుడిచి, అద్దము సాయముతో అడుగుభాగమును పరీక్షింపవలెను. మన ఎండలకు చెమట అధికము గనుక మేజోడును దినదినము ఉతుకవలెను. కాలు తీసిన కొంతసేపటికిని ఎఱ్ఱదనము తగ్గకున్నను, బొబ్బ లేచినను ధరించుట మాని నిపుణునికి చూపవలెను. తొలి సంవత్సరమున మొండిభాగము సన్నబడును. సాకెట్టు వదులగుట సహజము, దానిని మార్పించుకొనవలెను.

లేని పాదము నొప్పి పెట్టుచున్నదని రోగి చెప్పినచో నవ్వరాదు. అది భ్రమ కాదు. నాడీమండలమున పుట్టు నిజమైన బాధ, చికిత్స కలదు. మధుమేహ రోగి మిగిలిన పాదమును మరింత జాగ్రత్తగా కాపాడుకొనవలెను.

విద్యార్థులారా! మన ఇరుగుపొరుగున ఇట్టివారున్నచో జాలి మాటలు చాలించి, ఈ నాలుగు విషయములు తెలియజెప్పుదము. నిలబడగోరువానికి మనము చేయగల సాయమదియే.