సిక్స్త్ ఫామ్ న్యాయశాస్త్ర విద్యార్థుల స్వతంత్ర ప్రాజెక్టులు: న్యాయసమస్య నుంచి పరిశోధనప్రశ్నకు

వ్యాససంగ్రహం:
ఇంగ్లండులో సాధారణంగా 16 నుంచి 18 ఏళ్ల విద్యార్థులు చదివే రెండేళ్ల దశను సిక్స్త్ ఫామ్ అంటారు. ఈ దశలో న్యాయశాస్త్రం చదివేవారు న్యాయానికి సంబంధించిన ఒక సమస్యను ఎంచుకొని స్వతంత్రంగా పరిశోధించే అవకాశం ఉంది. అన్యాయంగా తోచిన విషయం ఆధారాలతో సమాధానం చెప్పదగిన ప్రశ్నగా మారే క్రమాన్ని మూడు ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సిక్స్త్ ఫామ్, ఎ లెవెల్, స్వతంత్ర ప్రాజెక్టు, నేరబాధ్యతా వయస్సు, న్యాయసహాయం, పరిశోధనప్రశ్న.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో న్యాయశాస్త్రం, న్యాయవాది, న్యాయస్థానం అన్న మాటలన్నింటిలోనూ 'న్యాయం' ఉంది. అందువల్ల చట్టం అమలైన చోట న్యాయం జరిగినట్లే అన్న భావన మాటలోనే ఇమిడిపోయింది. కానీ చట్టం ఏం చెబుతోందన్నది ఒక ప్రశ్న, అది న్యాయమా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి శాసనాలు, తీర్పులు సమాధానం చెబుతాయి. రెండోదానికి వాటితోపాటు కొలమానం, వాదన, ఫలితాల పరిశీలన కావాలి. సిక్స్త్ ఫామ్ ప్రాజెక్టులు ఈ రెండు ప్రశ్నల మధ్యనున్న దూరాన్ని పరిశీలిస్తాయి.

2. పాఠ్యక్రమంలో ప్రాజెక్టు స్థానం:
2017లో బోధన మొదలైన నూతన విధానంలో ఎ లెవెల్ న్యాయశాస్త్రాన్ని పూర్తిగా రాతపరీక్షల ద్వారానే మదింపు చేస్తారు. చట్టానికీ న్యాయానికీ ఉన్న సంబంధం పాఠ్యాంశమే అయినా, దానిపై విద్యార్థి రాసేది పరీక్షాసమయానికి లోబడిన వ్యాసమే. నెలల తరబడి ఒకే సమస్యపై పనిచేసే వీలును 'ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ క్వాలిఫికేషన్' అనే ప్రత్యేక అర్హత కల్పిస్తుంది. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో దీని విలువ ఎ లెవెల్‌లో సగం. దీనికి నిర్దేశించిన సమయం 120 గంటలు. ఏ.క్యూ.ఏ. పరీక్షామండలి విధానంలో విద్యార్థి సుమారు 5000 పదాల సిద్ధాంతవ్యాసం రాయవచ్చు, లేదా ఒక కృతిని రూపొందించి దానికి చిన్న నివేదికను జతచేయవచ్చు. ఎంచుకున్న అంశం ఎ లెవెల్ పాఠ్యాంశాల పునరుక్తి కాకూడదు. అందువల్ల న్యాయశాస్త్ర విద్యార్థి తాను తరగతిలో చదివినదాన్ని దాటి వెళ్లక తప్పదు.

3. ప్రశ్న రూపకల్పన - మూడు ఉదాహరణలు:

3.1 నేరబాధ్యతా వయస్సు:
ఇంగ్లండు, వేల్స్‌లలో పదేళ్లు నిండిన బాలుణ్ణి నేరానికి బాధ్యుణ్ణి చేయవచ్చు. 'ఇది అన్యాయం కాదా?' అన్నది ఆవేదన మాత్రమే. చరిత్రను పరిశీలిస్తే అది ప్రశ్నగా రూపొందుతుంది. ఇంగ్లిష్ సంప్రదాయ న్యాయంలో ఏడేళ్లుగా ఉన్న ఈ వయస్సును 1933లో ఎనిమిదికి, 1963లో పదికి పెంచారు. 10 నుంచి 14 ఏళ్లలోపు వారికి తప్పొప్పుల వివేకం లేదనే పూర్వభావనను 1998 చట్టం తొలగించింది. స్కాట్లండ్ 2019 చట్టం ద్వారా వయస్సును పన్నెండుకు పెంచింది. 'పూర్వభావనను తొలగించేటప్పుడు పార్లమెంటులో చూపిన కారణాలు ఎంతవరకు నిలుస్తాయి?' అని అడిగితే, చర్చల నివేదికల ఆధారంగా సమాధానం వెతకవచ్చు.

ఈ చరిత్రకు భారతదేశంతోనూ సంబంధం ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 82వ సెక్షన్ ఏడేళ్ల హద్దును స్వీకరించింది. ఏడు నుంచి పన్నెండేళ్లలోపు వారి విషయంలో పరిణతిని చూడాలని 83వ సెక్షన్ చెప్పింది. భారతీయ న్యాయసంహిత 20, 21 సెక్షన్లలో ఇవే హద్దులు కొనసాగుతున్నాయి. ఇంగ్లండు వదిలేసిన హద్దు ఇక్కడ నిలిచి ఉంది. ఇక్కడ నిలిచిన పరిణతి పరీక్షను ఇంగ్లండు వదిలేసింది.

3.2 ఉమ్మడి నేరబాధ్యత:
హత్య చేసినవాడితోపాటు అతనికి తోడున్నవాణ్ణి కూడా హంతకుడిగా ఎప్పుడు పరిగణించాలి? తోడున్నవాడు హత్య జరగవచ్చని ముందే ఊహించినంత మాత్రాన అతనికి ఆ ఉద్దేశం ఉన్నట్లు కాదనీ, ఆ ఊహ ఉద్దేశానికి ఒక సాక్ష్యం మాత్రమేననీ యునైటెడ్ కింగ్‌డమ్ సుప్రీంకోర్టు 2016లో జోగీ కేసులో తీర్పు చెప్పింది. చట్టం అంతకు మూడు దశాబ్దాల ముందే దారి తప్పిందని అంగీకరించింది. అయినా గడువు దాటిన పాత కేసుల్లో అప్పీలుకు అనుమతి పొందాలంటే గణనీయమైన అన్యాయం జరిగిందని చూపాలి. 'ఉమ్మడి బాధ్యత అన్యాయమా?' అన్న విశాలమైన ప్రశ్న కంటే, 'ఈ షరతును అప్పీలు కోర్టు ఎలా అన్వయించింది?' అన్న ప్రశ్న విద్యార్థి శక్తికి తగినది. దానికి కావలసిన తీర్పులు బహిరంగంగా లభిస్తాయి.

3.3 న్యాయసహాయం:
2012 చట్టం 2013 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చి, కుటుంబ వివాదాలు సహా అనేక సివిల్ విషయాలను ప్రభుత్వ న్యాయసహాయ పరిధి నుంచి తొలగించింది. న్యాయవాది లేకుండా కోర్టుకు వచ్చినవారి లెక్కలు న్యాయమంత్రిత్వశాఖ త్రైమాసిక నివేదికల్లో ఉంటాయి. అయితే సంఖ్య పెరగడం, అన్యాయం జరగడం ఒకటి కావు. న్యాయవాది లేనివారికి వచ్చిన ఫలితాలు ఏ విధంగా మారాయో చూపే ఇతర అధ్యయనాలను జోడించకపోతే వాదన సగంలోనే ఆగుతుంది.

4. ఆధారాల పరిమితులు:
మేజిస్ట్రేట్ కోర్టుల్లోనూ క్రౌన్ కోర్టుల్లోనూ విచారణలను సాధారణంగా ఎవరైనా చూడవచ్చు. కానీ బాలల కేసులు విచారించే యూత్ కోర్టుల్లోకి ప్రజలకు ప్రవేశం లేదు. నేరబాధ్యతా వయస్సుపై పనిచేసే విద్యార్థి తన విషయానికి అత్యంత సన్నిహితమైన గదిలోకి వెళ్లలేడు. ఈ నిషేధం బాలల రక్షణ కోసమే. దాన్ని గుర్తించి, ప్రత్యక్ష పరిశీలన కోరే ప్రశ్నను పత్రాధారాలతో తేలే ప్రశ్నగా మార్చుకోవడం కూడా పరిశోధన శిక్షణలో భాగమే. జ్యూరీ ఆంతరంగిక చర్చలను వెల్లడించడంపైనా చట్టపరమైన నిషేధం ఉంది. కాబట్టి జ్యూరీలో పనిచేసిన బంధువును ఆ చర్చల గురించి ప్రశ్నించడం ఆధారసేకరణ అనిపించుకోదు.

5. స్వతంత్రత - పర్యవేక్షణ:
పర్యవేక్షకులు ప్రశ్నలడిగి దారి చూపవచ్చు గానీ నిర్ణయాలు విద్యార్థివే. ప్రశ్న ఎప్పుడు, ఎందుకు మారిందో విద్యార్థి 'ప్రొడక్షన్ లాగ్' అనే పత్రంలో నమోదు చేయాలి. చివర శ్రోతల ముందు సమర్పణ చేసి, వారి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఏ.క్యూ.ఏ. మార్కుల్లో 40 శాతం ప్రాజెక్టు రూపకల్పనకు చెందుతుంది. ప్రణాళిక, వనరుల వినియోగం, సమీక్షలకు 20 శాతం చొప్పున కేటాయించారు. అంటే తుది వ్యాసంతోపాటు అక్కడికి చేరిన దారికీ విలువ ఉంది.

6. ముగింపు:
న్యాయసమస్యను ఎంచుకున్న విద్యార్థి చాలాసార్లు సమాధానాన్ని ముందే నమ్మి బయలుదేరుతాడు. ఆ నమ్మకం పరిశోధనకు ప్రేరణ అవుతుంది గానీ ప్రమాణం కాదు. తన అభిప్రాయానికి విరుద్ధమైన తీర్పును లేదా గణాంకాన్ని ఎదుర్కొన్నప్పుడు దాన్ని వదిలేయకుండా వాదనలో చేర్చడమే ప్రాజెక్టుకు అసలైన పరీక్ష. ఎదుటిపక్షం వాదన కూడా వినాలన్నది సహజన్యాయ సూత్రం. న్యాయం గురించి పరిశోధించేవారు ఆ సూత్రాన్ని ముందుగా తమ రచనకే వర్తింపజేసుకోవాలి. పదిహేడేళ్ల విద్యార్థికైనా, సిద్ధాంతగ్రంథం రాస్తున్న పరిశోధకుడికైనా ఈ బాధ్యత సమానమే.