విడిభాగాల వెబ్ వేదిక: అతుకులకు బాధ్యులెవరు?

పెద్ద కంపెనీల సమావేశ మందిరాలలో పుట్టిన ఒక పదబంధం కొంతకాలంగా చిన్న సంస్థల ముంగిటికి కూడా వస్తున్నది. కళాశాల ట్రస్టుకో, సహకార బ్యాంకుకో, పట్టుచీరల దుకాణానికో వెబ్‌సైటు నిర్మించి ఇస్తామని వచ్చే ప్రతినిధి ఇప్పుడు 'వెబ్‌సైటు' అని ఊరుకోవడం లేదు. 'మాడ్యులర్ డిజిటల్ ఎక్స్‌పీరియన్స్ ప్లాట్‌ఫాం' అంటున్నాడు. పేరు పొడవైన కొద్దీ ధర కూడా పెరుగుతుంది గనుక, ఆ మాటకు అర్థమేమిటో, దానిని అమ్మజూపే సంస్థలలో ఒకదానిని ఎట్లా ఎంచుకోవాలో తెలిసి ఉండడం అవసరం. మన సరిహద్దు జిల్లాల పిల్లలు ఎందరో బెంగళూరులో, చెన్నైలో ఇటువంటి వేదికలను నిర్మించే పనిలోనే ఉన్నారు. అయినప్పటికీ కొనేవారి పక్షాన నిలబడి ఈ విషయాన్ని తెలుగులో వివరించిన వ్యాసాలు అరుదు.

పాత పద్ధతిలో వెబ్‌సైటు అంటే ఒకే సాఫ్ట్‌వేరు. వ్యాసాలను, చిత్రాలను దాచేది అదే; వాటిని తెరపై పేర్చి చూపేది అదే; అడిగినదానిని వెతికి ఇచ్చేది కూడా అదే. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ ఈ కోవకు చెందినది. మాడ్యులర్ పద్ధతిలో ఈ పనులు విడివిడి భాగాలుగా ఉంటాయి. మొళకాల్మూరు ప్రాంతంలో ఒక నేత సహకార సంఘం ఉన్నదనుకుందాం. చీరల వివరాలు ఒక కంపెనీ ఇచ్చే భాండాగారంలో ఉంటాయి, ఫొటోలు మరొక కంపెనీ సర్వర్లలో ఉంటాయి. వెతికిపెట్టే పని మూడవవారిది, డబ్బు వసూలు నాలుగవవారిది, కొన్నవారికి సందేశం పంపే పని అయిదవవారిది. ఈ భాగాలు పరస్పరం మాట్లాడుకొనే మార్గాలనే ఏపీఐలు అంటారు. తెరపై కనిపించే రూపాన్ని విడిగా తయారు చేస్తారు గనుక, విషయాన్ని దాచే భాగానికి 'హెడ్‌లెస్', అంటే తల లేనిది, అని పేరు వచ్చింది. ఈ పద్ధతిని ప్రచారం చేసే కంపెనీలు కొన్ని కలిసి 2020లో మాక్ అలయన్స్ అనే కూటమిగా కూడా ఏర్పడ్డాయి.

ప్రయోజనం లేదని అనలేము. ఒకసారి నమోదు చేసిన చీర వివరం వెబ్‌సైటులో, మొబైల్ యాప్‌లో, దుకాణంలోని తెరపై ఒకే విధంగా కనిపిస్తుంది. ఒక భాగం నచ్చకపోతే దానినొక్కదానినే మార్చుకోవచ్చు. బ్రిటన్ ప్రభుత్వం 2016లో ప్రారంభించిన గవ్ యూకే నోటిఫై ఇందుకు చక్కని ఉదాహరణ. పౌరులకు ఈమెయిళ్ళు, ఎస్సెమ్మెస్‌లు, ఉత్తరాలు పంపడమే దాని పని. ప్రతి ప్రభుత్వ శాఖ తన సందేశాల యంత్రాంగాన్ని తానే నిర్మించుకోనక్కరలేకుండా ఆ ఒక్క భాగాన్నే వాడుకుంటున్నది. కెనడా ప్రభుత్వం దాని మూల సంకేతాన్ని తీసుకొని తన సేవను నిర్మించుకున్నది. భాగం అంటే అట్లా ఉండాలి.

అయితే చిక్కు భాగాలలో ఉండదు, వాటి మధ్య అతుకులలో ఉంటుంది. పెళ్ళిని ఫంక్షన్ హాలు వారికే మొత్తంగా అప్పగిస్తే వంట రుచి వారి ఇష్టం, ధర వారు చెప్పినంత. వంటవారిని, షామియానా వారిని, మేళం వారిని విడివిడిగా మాట్లాడుకుంటే ప్రతిదీ మన ఇష్టప్రకారం మంచిది దొరుకుతుంది. కానీ గ్యాస్ సిలిండర్లు వంటవారు తెచ్చుకుంటారా, మనం తేవాలా అన్నది ముందే తేలకపోతే ముహూర్తం వేళకు పొయ్యి వెలగదు. అప్పుడు అడిగితే ఎవరి పని వారు సక్రమంగానే చేసి ఉంటారు. వంటవారు వచ్చారు, గిన్నెలు వచ్చాయి. వెలగని పొయ్యికి బాధ్యుడు మాత్రం ఎవరూ కనబడరు.

ఈ విషయంలో అందరూ తెలుసుకోదగిన వ్యాజ్యం అమెరికాలో ఒకటి నడిచింది. కార్లు అద్దెకిచ్చే హెర్ట్జ్ సంస్థ తన వెబ్‌సైటును, మొబైల్ యాప్‌లను పునర్నిర్మించే పనిని 2016లో యాక్సెంచర్‌కు అప్పగించింది. 2017 డిసెంబరులో ప్రారంభం కావలసిన సైటు 2018 జనవరికి, ఆపైన ఏప్రిల్‌కు వాయిదా పడింది, అప్పటికీ రాలేదు. 3 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా చెల్లించామని, పనికివచ్చే సైటు దక్కలేదని హెర్ట్జ్ 2019 ఏప్రిల్‌లో న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేసింది. ఆరోపణలలో పస లేదని యాక్సెంచర్ బదులిచ్చింది. తప్పెవరిదో తీర్పు చెప్పడం మన పని కాదు. కానీ దావా కాగితాలలో హెర్ట్జ్ తన గురించి తాను చెప్పుకున్న మాటలే కొనేవారికి పాఠ్యాంశాలు.

ఇంత పెద్ద పనికి కావలసిన నైపుణ్యం తమ సిబ్బందిలో లేదని హెర్ట్జ్ అందులో చెప్పుకున్నది. యాక్సెంచర్‌ను ఎన్నుకోవడానికి ముందు ఒక రోజు సాగిన ప్రదర్శన తమను ఎంతగా ఆకట్టుకున్నదో కూడా వ్రాసుకున్నది. ఇక మాడ్యులర్ అన్న మాటకు ఆయువుపట్టు వంటి అంశం ఒకటి ఉన్నది. హెర్ట్జ్‌కు డాలర్, థ్రిఫ్టీ అనే మరి రెండు బ్రాండ్లున్నాయి. ఉమ్మడి భాగాలను ఒక్కసారి నిర్మించి మూడింటికీ వాడుకొనేలా ఉండాలన్నది ఒప్పందం. తయారైన సంకేతం ఉత్తర అమెరికాలోని హెర్ట్జ్ సైటుకు తప్ప మరి దేనికీ పనికిరాకుండా వ్రాశారన్నది ప్రధానమైన ఆరోపణ. ఫోను, ట్యాబ్లెట్, కంప్యూటర్ అనే మూడు కొలతల తెరలకు సైటు అమరవలసి ఉండగా ట్యాబ్లెట్‌ను వదిలివేసి, దానికి అదనంగా లక్షల డాలర్లు అడిగారన్నది మరొకటి.

ఒక్కరికే అప్పగించినందువల్ల ఇట్లా జరిగిందని ఎవరైనా అనవచ్చు. పలువురికి పంచితే ఏమవుతుందో అదే దేశంలో 2013 అక్టోబరు 1న తెలిసింది. ఆరోగ్య బీమా కోసం ప్రభుత్వం తెరిచిన హెల్త్‌కేర్ గవ్ సైటును ఎందరో గుత్తేదారులు కలిసి నిర్మించారు. భాగాలన్నింటినీ కలిపి చూసే బాధ్యతను ప్రభుత్వ సంస్థే తన నెత్తిన వేసుకున్నది, అందుకు తగిన సన్నద్ధత మాత్రం దానికి లేదు. తొలి రోజున బీమా నమోదు పూర్తి చేసుకోగలిగినవారు 6 మంది. కనుక గుత్తేదారు ఒకరా, పదిమందా అన్నదానికంటె, అతుకులు వేసే చేయి ఎవరిది, ఆ చేతిని పట్టుకొని అడగగలిగిన మన మనిషి ఎవరు అన్నదే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ మనిషి మన జీతం తీసుకొనేవాడై ఉండాలి. అమ్మే సంస్థ పంపిన ప్రతినిధి ఎంత మంచివాడైనా ఆ స్థానానికి తగడు.

ప్రదర్శనను బట్టి ఎంచుకోరాదన్నప్పుడు మరి దేనిని బట్టి ఎంచుకోవాలి? ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. విద్యార్థి తనకు కంఠస్థమైన పద్యాన్నే వినిపిస్తానంటే మార్కులు వేయము. ప్రశ్నను మనమే అడుగుతాము. విక్రేతకు కూడా మన సరుకునే ఇచ్చి, మన కళ్ళ ముందు పని చేయించాలి. చివరి వరకు నిలిచిన ఇద్దరు ముగ్గురికి రెండు వారాల గడువుతో, అవసరమైతే కొంత రుసుము ఇచ్చి, ఒక చిన్న భాగాన్ని నిర్మించమనడం ఉత్తమమైన మార్గం. ఆ రుసుమును వృథా ఖర్చుగా భావించే యాజమాన్యాలే తరువాత అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకుంటాయి.

మన సరుకు అన్నప్పుడు మన భాషను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆంగ్లంలో చూపిన ప్రదర్శన తెలుగుకు ఎంతమాత్రం సాక్ష్యం కాదు. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది యూనికోడ్‌లోని 6 సంకేతాల వరుస. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. వెబ్ చిరునామాలో దానిని శాతం గుర్తులతో మార్చి వ్రాస్తే 54 గుర్తులవుతుంది. కాబట్టి 'శీర్షికకు ఇన్ని అక్షరాలు' అని ఆంగ్లాన్ని దృష్టిలో పెట్టుకొని హద్దు విధించిన భాగం తెలుగు శీర్షికను మధ్యలో విరిచివేయవచ్చు. ఎస్సెమ్మెస్ ఆంగ్లంలో 160 గుర్తులు పడితే తెలుగులో 70 మాత్రమే. అంటే సందేశాల ఖర్చు లెక్క మారిపోతుంది. వెతికిపెట్టే భాగానికి 'వస్త్రం' అని ఇచ్చి చూడండి. 'వస్త్రాలలో' అన్న పుటను అది పట్టుకున్నదా? సున్న పోయి దీర్ఘం వచ్చే మన బహువచనం చాలా యంత్రాలకు తెలియదు. ఇవి పెద్ద కంపెనీలకు తెలిసే ఉంటాయని నమ్మి ఊరుకోవడానికి వీలులేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' రూపంలోని ఒక తెలుగు సంకేతాల వరుసను చూపబోయి ఐఫోన్లలోని యాప్‌లే కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ప్రత్యేకంగా సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

కన్నడ సీమలో ఉన్న మనకు మరొక పరీక్ష అవసరం. యూనికోడ్ పట్టికలో తెలుగు ముగిసిన చోటనే కన్నడ మొదలవుతుంది, బళ్ళారి జిల్లాలో వలెనే. సైటులో రెండూ ఉంటాయి, ఆంగ్లం కూడా ఉంటుంది. ఒక చీర వివరం కన్నడలో ఉండి తెలుగులో ఇంకా వ్రాయకపోతే తెలుగు పుటలో ఏమి కనిపించాలి? ఖాళీయా, కన్నడమా, ఆంగ్లమా? దీనిని భాగాలవారీగా, భాషలవారీగా మనమే నిర్ణయించే వీలుండాలి. ధరల పట్టికలోనూ భాషల సంఖ్యకు పరిమితి ఉండవచ్చు. మూడవ భాష చేర్చగానే పై శ్రేణి చందాకు మారవలసివచ్చే పట్టికలున్నాయి. ఏపీఐ పిలుపుల సంఖ్యను బట్టి, ఫొటోల బరువును బట్టి కూడా వసూలు చేస్తారు. దసరా, దీపావళి నెలల రద్దీకి బిల్లు ఎంతవుతుందో విక్రేత చేతనే లెక్క వేయించి, వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

పాత సరుకు తరలింపు కూడా ధరలోకి రావలసినదే. 2000ల దశకంలో తెలుగు వెబ్ పుటలు, ముద్రణాలయపు ఫైళ్ళు చాలావరకు సొంత ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంటు లేని చోట అవి అర్థంలేని గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గాని, వత్తుల వద్ద, అరసున్నల వద్ద పొరపాట్లు దొర్లుతాయి. తెలుగు చదవగలిగిన మనిషి కూర్చొని దిద్దాలి. ఆ మనిషి జీతం ఎవరు ఇస్తారో ఒప్పందంలో లేదంటే మనమే ఇస్తున్నామని అర్థం.

ఇక విక్రేతల వంశవృక్షాన్ని కూడా కొంచెం విచారించాలి. 2020లో ఎపిసర్వర్ అనే సంస్థ ఆప్టిమైజ్లీని కొని, 2021లో ఆప్టిమైజ్లీ అనే పేరునే తాను పెట్టుకున్నది. ఇల్లరికం వచ్చిన అల్లుడు మామగారి ఇంటిపేరు పెట్టుకొన్నట్లుగా ఉన్నది గాని, ఇక్కడ ఇల్లు కొన్నది అల్లుడే. 2021లోనే సైట్‌కోర్ పలు చిన్న సంస్థలను కొనుగోలు చేసింది. 2023లో నెట్లిఫై గ్యాట్స్‌బీని కొన్నది. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే 'మావన్నీ ఒకే కుటుంబపు భాగాలు' అని చెప్పినప్పుడు, అవి కలిసి పుట్టినవా, కొని ఒకే బోర్డు కింద పెట్టినవా అని అడగాలి. కొని తెచ్చినవైతే ఒక్కొక్కదానికి వేరే లాగిన్, వేరే సహాయ కేంద్రం, వేరే బిల్లు ఉండవచ్చు.

నా అభిప్రాయంలో మన ఊళ్ళలోని సంస్థలలో అధికభాగానికి ఈ పద్ధతి ఇప్పట్లో అవసరం లేదు. ఒకే సైటు, వారానికి నాలుగు ప్రకటనలు, చూసుకొనేందుకు గుమాస్తా ఒక్కడు ఉన్న చోట వర్డ్‌ప్రెస్ చాలు. 2016 డిసెంబరులో వచ్చిన 4.7 కూర్పు నుండి దానిలోనూ పూర్తి స్థాయి ఏపీఐ ఉన్నది గనుక, రేపు యాప్ కావాలంటే దారి మూసుకుపోదు. విషయాన్ని మూడు నాలుగు చోట్ల చూపవలసినవారు, సాంకేతిక పనికి కనీసం ఇద్దరిని సొంతంగా నియమించుకోగలవారు మాత్రమే విడిభాగాల వైపు చూడడం మంచిది.

చూసేవారు ఒప్పందంపై సంతకానికి ముందే విడాకుల సంగతి మాట్లాడుకోవాలి. మన విషయమంతా, దాని భాషాంతరాలు, ఫొటోలు, పాత చిరునామాల పట్టికతో సహా, మరొకరు చదవగల రూపంలో ఎన్ని రోజులలో, ఎంత రుసుముతో తిరిగి ఇస్తారు? మాటతో సరిపెట్టుకోకుండా ఆ రెండు వారాల పరీక్షలోనే ఒకసారి బయటికి తీయించి, వేరే చోట తెరిపించి చూడాలి. డొమైన్ పేరు సంస్థ పేరిటనే నమోదు కావాలి. నిర్మించేవాని పేరిటనో, కార్యదర్శిగారి బంధువు పేరిటనో ఉండరాదు.

వ్యక్తుల వివరాల విషయంలో బాధ్యతను విక్రేతపై నెట్టివేయడం కుదరదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, వివరాలు సేకరించిన సంస్థే జవాబుదారీ. దాని తరఫున మరొకరు వాటిని నిర్వహిస్తున్నప్పటికీ, వారితో ఒప్పందం ఎట్లా ఉన్నప్పటికీ అంతే. 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి, అదీ సరిచూడదగిన సమ్మతి, కావాలి. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, విధులు దశలవారీగా అమలులోకి వస్తాయి. విద్యార్థుల ఫొటోలు, మార్కుల పట్టికలు అయిదు కంపెనీల సర్వర్లలో పంచుకొని ఉన్నప్పుడు, ఒక తల్లి వచ్చి మా అమ్మాయి వివరాలు తొలగించండి అని అడిగితే అయిదు చోట్లా తొలగించి, తొలగించామని చూపవలసింది ప్రధానోపాధ్యాయుడే. ఆ పనిని తమ భాగంలో ఎట్లా చేస్తారో, ఎన్ని గంటలలో చేస్తారో ప్రతి విక్రేత చేత చేయించి చూసిన తరువాతే ధర మాట్లాడండి.